ఏడో సాంచె మీద తెగిన పోగు

ముప్పై ఒకటో నంబరు ఫోటోను ఆ వారంలో ఎన్నిసార్లు చూశానో నాకే తెలియదు. మూతబడిన మరమగ్గాల కార్ఖానా లోపల తీసిన ఫోటో అది. ముందు ఏడో నంబరు మరమగ్గం. మా వాళ్ళు సాంచె అంటారు. దాని మీద సగంలో ఆగిపోయిన తెల్లగుడ్డ. ఎడమ పక్క పడుగులో ఒక పోగు తెగి జానెడు కిందికి వేలాడుతోంది. వెనక గోడకు మేకు, మేకుకు మూడు గిన్నెల టిఫిన్ డబ్బా. తీసిన టైము 2021 నవంబరు 14, ఆదివారం, సాయంత్రం నాలుగు గంటల పన్నెండు నిమిషాలు.

ఆ డబ్బా తన మొగుడు లస్మయ్యదని ఎల్లవ్వ అంటోంది. చేయి కాలకుండా పిడికి ఆకుపచ్చ చీరంచు చుట్టి కుట్టింది తనే కాబట్టి, పొరపాటు పడే అవకాశం లేదు.

మొదటి లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఎల్లవ్వ సిరిసిల్ల దగ్గర ఊళ్ళో ఉంది, లస్మయ్య సూరత్‌లో ఉన్నాడు. 2020 మార్చి 24 రాత్రి ఫోన్ చేసి పైలంగా ఉండమన్నాడట. ఆ తర్వాత ఫోన్ మూగబోయింది. నడిచి వస్తానని బయలుదేరాడని మాత్రం తోటి పనివాడి నుంచి కబురు అందింది. ఊరు చేరలేదు. రైళ్ళు మొదలయ్యాక ఈమె వెతుక్కుంటూ ఇక్కడికొచ్చి, గోడాదరాలో చీరలకు రాళ్ళు అంటించే పనిలో కుదిరి ఉండిపోయింది. నా దగ్గరికి వచ్చిన రోజు కుర్చీలో కూర్చోకుండానే చెప్పింది.

“బొట్టు వెట్టుకోవాల్నా, తీసెయ్యాల్నా? గదొక్కటి తేల్చి చెప్పు జమునక్కా. నాకింకేం వద్దు.”

నేను సూరత్‌లో పదకొండేళ్ళుగా డిటెక్టివ్ పని చేస్తున్నాను. పెళ్ళి సంబంధాల ఎంక్వైరీలు, దారం పెట్టెల దొంగతనాలు, లేచిపోయిన జంటలు. అంత చిన్న కోరిక అంత గట్టిగా అడిగినవాళ్ళు ఎవరూ రాలేదు.

ఫోటో తీసింది అనురాధ. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, ఇక్కడే పుట్టింది. ఆదివారాలు నేతగాళ్ళ ఇళ్ళ నుంచి పది పన్నెండు మంది పిల్లల్ని పోగేసి, ఎవరి ఫోన్ వాళ్ళ చేతికిచ్చి, ఊరు మరిచిపోయిన చోట్లకు తీసుకుపోతుంది. పాడుబడ్డ గోదాములు, ఎండిన నీళ్ళ ట్యాంకులు, లాక్‌డౌన్‌లో మూసి మళ్ళీ తెరవని కార్ఖానాలు. వాళ్ళకు రెండే నియమాలు. ఏ వస్తువూ ముట్టుకోకూడదు. ప్రతి చోటా మూడు ఫోటోలు తీయాలి: బయట నుంచి ఒకటి, లోపల ఒకటి, ఎవరో వదిలేసి పోయిన వస్తువు ఒకటి. బొమ్మలన్నీ గోడాదరాలో ప్రదర్శన పెట్టి జనానికి చూపించాలని, ముందుగా వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఎల్లవ్వ చూసింది అక్కడే.

కార్ఖానా సేఠ్ కూడా చూశాడు. చూసి ఒక మనిషిని పెట్టుకున్నాడు. ఆయన సంగతి తర్వాత.

*

నవంబరు 21, పొద్దున ఎనిమిది నలభై. దేవదాస్‌ను అతని ఖోలీలో, అంటే అద్దె గదిలో పట్టుకున్నాను. రాత్రి షిఫ్టు దిగి వచ్చి పడుకోబోతున్నాడు. ఇక్కడ ఒక చాప ఇద్దరిది. రాత్రి పడుకున్నవాడు లేచి పనికి పోతే, రాత్రి షిఫ్టువాడు వచ్చి పడుకుంటాడు, చాప ఎప్పుడూ చల్లారదు. లాక్‌డౌన్‌కు ముందు దేవదాస్‌కు చాపలో జత లస్మయ్య. పనిలో జత కూడా లస్మయ్యే. ఏడో నంబరు మీద పగలు ఆయన, రాత్రి ఇతను.

మనిషి చెడ్డవాడు కాదనే నా లెక్క. ఏడాదిన్నరగా నెలకోసారి ఎల్లవ్వ ఇంటికి బియ్యం మోసుకొచ్చి గుమ్మంలో దించి పోతున్నాడు. లోపలికి రమ్మన్నా రాడట.

“కార్ఖానా ఎప్పుడు బంద్ అయింది?”

“మార్చి ఇర్వై నాలుగు. సాయంత్రం ఆరు గొట్టంగ.”

“ఆ తర్వాత?”

“అయిదు దినాలు ఈ ఖోలీల్నే ఉన్నం. ఇర్వై తొమ్మిది నాడు తెల్లారకముందే నడుసుడు షురూ జేసినం. కడోదరా చౌరస్తా కాడ మందిల పడి విడిపోయినం. నాకు కాళ్ళు బొబ్బలెక్కినయ్, మర్లొచ్చిన. అన్న ముందటికి వోయిండు.”

“డబ్బా?”

“సంచిల వెట్టుకున్నడు. నా కండ్ల ముంగట్నే.”

“మరి ఫోటోలో ఉన్నదెవరిది?”

“గసొంటి డబ్బాలు సూరత్‌ల లచ్చ ఉంటయక్కా.”

“పిడికి ఆకుపచ్చ గుడ్డ కుట్టినవి గూడ లచ్చనా?”

దిండు కింద నుంచి మావా పొట్లం తీశాడు. చుట్టిన దారాన్ని పళ్ళతో పుటుక్కున కొరికి, పొగాకూ వక్కా కలిపిన ఆ ముద్దను బుగ్గన పెట్టుకున్నాడు. పళ్ళూ పెదాలూ గోధుమ రంగు తేలి ఉన్నాయి.

“ఆ కార్ఖానాలోకి మళ్ళీ పోయినవా?”

“ఇర్వై నాలుగు నాడు బయటికొచ్చిన. మళ్ళ గడప తొక్కలే. పిల్లల మీద ఒట్టు.”

నేను పిల్లల సంగతి అడగలేదు. అడగకుండానే ఒట్టు పెట్టేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. అయినా కోపం దిగమింగి, లస్మయ్య ఎలాంటివాడని అడిగాను.

అతని గొంతు మారింది. “నాకు పని నేర్పిందే అన్న. నాడె పట్టుడు కాంచి పోగు ముడేసుడు దాంక అంతా ఆయినదే. నా చేతులల్ల ఉన్నది ఆయిన ఇల్మ్, ఆయిన ఇచ్చిన ఇద్య.”

“పదకొండింటికి కార్ఖానా కాడికి రా. ఏది ఎక్కడుండెనో చూపిద్దువు.”

“నిద్ర లేదక్కా.”

“ఎల్లవ్వ వస్తోంది.”

తల వంచుకుని చాప అంచు సవరించాడు. “వస్త,” అన్నాడు.

*

షట్టర్ ముందు రామలింగేశ్వరరావు నిలబడి ఉన్నాడు. హజీరాలో ఏదో పెద్ద కంపెనీకి సెక్యూరిటీ ఆఫీసరుగా చేసి రిటైరైన మనిషి. ఇప్పుడు సొంత ఏజెన్సీ, ముప్పై మందికి యూనిఫారాలు. సేఠ్ పెట్టుకున్నది ఈయన్నే. మాస్కు గడ్డం కింద వేలాడుతోంది.

“వచ్చారా జమునగారూ! పెళ్ళి ఎంక్వైరీలు అయిపోయాయా?”

“అయిపోయాయి సార్. మీ అబ్బాయి గురించి అడిగినవాళ్ళకు మంచివాడనే చెప్పాను.”

ఆయన ముఖం మాడింది. వాచీ చూసుకున్నాడు. “సేఠ్‌గారు అరగంట ఇచ్చారు. ఇప్పుడు పదకొండూ అయిదు. ఆ తర్వాత ఈ అమ్మాయి మీద కేసు పెడుతున్నాం. పరాయి స్థలంలో చొరబడ్డం, దొంగ ఫోటో పుట్టించడం.”

అనురాధ భగ్గుమంది. “దొంగ ఫోటోనా? క్యా బోల్తే అంకుల్!”

“లోపలికి రండి, చూపిస్తాను.”

వెళ్ళాం. కరెంటు ఎప్పుడో తీసేశారు. ఫోన్ల వెలుతురులో రెండు వరసల సాంచెలు దుమ్ము కప్పుకుని ఉన్నాయి. ఏడో దాని వెనక గోడకు మేకు ఉంది. డబ్బా లేదు.

“ఏదమ్మా డబ్బా?” అన్నాడు రావు. “వెంట తెచ్చారు, తగిలించారు, ఫోటో కొట్టారు, పట్టుకుపోయారు. నలుగురూ మీ ప్రదర్శనకు రావాలి కదా! అందుకు ఈ పిచ్చితల్లికి ఆశ పెట్టారు.”

ఎల్లవ్వ మేకు వైపే చూస్తోంది. చేత్తో తడిమింది. అక్కడ నిజంగానే ఏమీ లేదని నమ్మడానికి ఆమెకు కాసేపు పట్టింది.

“మేం ఏదీ ముట్టుకోం,” అంది అనురాధ. ఏడుపు ఆపుకుంటోంది. “అది మా రూల్. పూఛ్ లో కిసీ సే భీ, ఎవర్నైనా అడగండి. నాలుగు నలభైకి అందరం వెనక కిటికీ నుంచి బయటికి వచ్చేశాం.”

“సార్, మీ కాపలా ఎప్పట్నుంచి?” అన్నాను.

“పదిహేనో తారీఖు ఉదయం ఎనిమిది నుంచి. ఇరవై నాలుగ్గంటలూ. ఆ కిటికీ కూడా మూయించాను. చీమ దూరలేదు.”

“ఎవరూ రాలేదా? బాగా గుర్తు తెచ్చుకోండి.”

“చీమ అన్నానా లేదా?”

సరే అని సాంచె ముందు కూర్చున్నాను. మా నాన్న ఇరవై ఆరేళ్ళు ఇలాంటి సాంచెల మధ్యే బతికాడు. నేను నడక నేర్చుకున్నది వీటి కిందే. ఒక చేత్తో ఫోటో, ఒక చేత్తో వెలుతురు పట్టుకుని, ఎడమ అంచు నుంచి పోగు పోగూ పోల్చుకుంటూ పోయాను.

ఫోటోలో తెగి వేలాడుతున్న పోగు ఇప్పుడు వేలాడడం లేదు.

దాన్ని ఎవరో అతికారు. చుట్టూ ఉన్న పోగులన్నిటి మీదా బూడిదలా దుమ్ము. ఈ ఒక్కదాని మీద, ముడికి అటూ ఇటూ వేళ్ళు తగిలినంత మేర, దారం తెల్లగా తేలింది.

“సార్, ఇలా రండి,” అన్నాను. “పద్నాలుగున నాలుగూ పన్నెండుకు ఈ పోగు తెగి ఉంది. ఇప్పుడు ముడి పడి ఉంది. మధ్యలో ఎవడో వచ్చాడు.”

“ఆ పిల్లలే వేసుంటారు.”

“అనురాధా, పోగు ముడి వెయ్యి చూద్దాం.” పక్క సాంచె మీద తెగిన పోగు చూపించాను. పాపం పిల్ల, మూడుసార్లు వేసింది, మూడుసార్లూ జారిపోయింది. పాలిస్టర్ దారం అంతే, చేతనైనవాడికే నిలుస్తుంది. “మీరు హజీరాలో ఇనుము కాపలా కాశారు సార్. ఇది మీకు తెలియదు. నేతగాడి కంట్లో తెగిన పోగు పడితే చెయ్యి ఊరుకోదు. దొంగతనానికి వచ్చినా ముడి వేసే పోతాడు. వాడి బుర్రకు తెలిసేలోపే వేళ్ళు పని కానిచ్చేస్తాయి.”

రావు ఏదో అనబోయాడు. ఎల్లవ్వ ఆయన్ను తోసుకుని వచ్చి ముడి మీద వంగింది.

“ఆయినదే!” అంది. “గిది ఆయిన ముడే అక్కా! అందరు ఒక్క సుట్టు సుడ్తరు. ఆయిన రెండు సుట్లు సుట్టి గుంజుతడు. నా పెండ్లయిన కొత్తల నాకు నేర్పిండు, నాకు రానేలే...” నవ్వుతోంది, కళ్ళ నుంచి ధారలు కడుతున్నాయి. “బతికున్నడు! వచ్చి పోయిండు! నాకు మొఖం జూపెట్టకుంటె పాయె, బతికైతె ఉన్నడు గద!”

రెండు చేతులతో నన్ను పట్టుకుంది. ఆ నిమిషం నోరు మూసుకుని ఉండగలిగితే ఎంత బాగుండేదో. నాకూ ఏడుపొచ్చింది. కానీ ముడి కొసలు నేను చూశాను.

“ఎల్లవ్వా, లస్మయ్య మావా తింటాడా?”

“థూ! బీడి గుడ ముట్టడు. ఎందుకట్ల అడుగుతవ్?”

ముడికి మిగిలిన కొసలు కత్తెరతో కోసినవి కావు, కొరికినవి. తెల్లదారం రెండు కొసలకూ గోధుమ మరక ఉంది. ఆ ముడి లస్మయ్య నేర్పినదే కానీ, కొరికిన నోరు ఆయనది కాదు. ఆ విషయం ఆమెకు చెప్పలేదు. చెప్పేముందు ఇంకొకటి చూడాలి.

నేల మీద వెల్లకిలా పడుకుని సాంచె కిందికి దూరాను. రావు పైనుంచి, “ఏమిటండీ ఈ సర్కస్సు?” అంటున్నాడు.

షిఫ్టుల లెక్క రాసే సేఠ్ పుస్తకం సేఠ్ ఇష్టం. అందుకని నేతగాళ్ళు తమ గుర్తు తాము వేరే పెట్టుకుంటారు. కొత్త బీము, అంటే పడుగు చుట్టిన పెద్ద రోలు, ఎక్కించిన రోజు నుంచి, షిఫ్టు దిగేముందు సాంచె అడుగున ఇనుప పట్టీ మీద చాక్‌పీసుతో ఒక గీత గీస్తారు. ఎవరి గీత ఎవరిదో తెలియడానికి పక్కన గుర్తు పెడతారు. మా నాన్న గుర్తు కొడవలి. బయటివాళ్ళెవరూ అక్కడ చూడరు. కాగితాలన్నీ మాయం చేసిన సేఠ్ కూడా చూడలేదు.

గీతలున్నాయి. ఒకదాని పక్కన సున్న, తర్వాతి దాని పక్కన ఇంటూ, మళ్ళీ సున్న, మళ్ళీ ఇంటూ. వాటి మీద సాలీడు గూడు కట్టి ఉంది.

“బీముకు చీటీ ఉంటుంది, చదవండి సార్,” అని కింద నుంచే అరిచాను.

“ఇరవై మూడు, మూడు, ఇరవై. ఉదయం ఏడు,” అని చదివాడు.

“ఇరవై నాలుగు సాయంత్రం కార్ఖానా మూసేస్తే ఎన్ని షిఫ్టులు నడిచి ఉండాలి?”

వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. “మూడు.”

“ఇక్కడ ఇరవై నాలుగు గీతలున్నాయి.”

నేను బయటికి వచ్చి బట్టలు దులుపుకున్నాను. “రోజుకు రెండు. చివరి గీత ఏప్రిల్ నాలుగు పొద్దున ఏడింటిది, రాత్రి షిఫ్టు వాడిది. ఆ తర్వాత పగటివాడు ఎక్కాడు, కొంచెం నేశాడు, పోగు తెగింది, దిగిపోయాడు. మళ్ళీ గీత లేదు. ఊరంతా తలుపులేసుకున్న పదకొండు రోజులు ఈ షట్టర్ వెనక ఇద్దరు మనుషులు సాంచెలు నడిపారు సార్. ఇరవై తొమ్మిదిన లస్మయ్య కడోదరా దాకా నడిచాడన్నది అబద్ధం. ఆ రోజు ఆయన గీత ఇక్కడుంది.”

రావు స్వయంగా వంగి చూశాడు. అరవై రెండేళ్ళ మనిషి, తెల్లచొక్కాతో దుమ్ములో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. లేచినప్పుడు ఆయన గొంతులో ఎకసెక్కం పోయింది. “ఇరవై నాలుగునే మూసేశామని నాకు సంతకం పెట్టి ఇచ్చాడే ఆ సేఠ్!”

అప్పుడే షట్టర్ దగ్గర నీడ కదిలింది. దేవదాస్. బయటే ఆగిపోయాడు. మావా నములుతున్న దవడ ఆడుతోంది.

రావు అతన్ని చూసి విసుక్కున్నాడు. “ఏవయ్యా, ఇవాళ మీటరు చూడక్కర్లేదు. వెళ్ళు.”

“ఏం మీటరు సార్?” అన్నాను.

“పదిహేనున వచ్చాడుగా. తొమ్మిదీ పదికి. సేఠ్‌గారే ఫోన్ చేసి పంపారు. పది నిమిషాలు ఉన్నాడు, చేతిసంచీతో వచ్చాడు...” అంటూనే ఆగిపోయాడు. మీటరు చూసేవాడు ఆయన లెక్కలో మనిషి కాదు, చీమ కూడా కాదు. అది ఇప్పుడు ఆయనకూ అర్థమైంది. “ఖాళీ సంచీతో వచ్చాడు,” అన్నాడు నెమ్మదిగా. “పోయేటప్పుడు నిండుగా ఉంది.”

ఎల్లవ్వ దేవదాస్‌ను చూస్తోంది. అతని గోధుమ పెదాలను చూసింది, ముడి కొసల మీది గోధుమ మరకను చూసింది. నేను చెప్పాల్సిన పని లేకపోయింది.

“డబ్బా ఏం జేసినవ్ దేవదాసూ?”

“నా పెట్టెల ఉన్నది వదినె,” అన్నాడు. “ఖాడి కాల్వల పారేయమన్నడు సేఠ్. చేతులు రాలే.”

“ఆయినేడి?”

నా వెనక అనురాధ తన ఫోన్ తీసి వెలుతురు గోడ పైకి తిప్పింది. పెదాలు కదులుతున్నాయి. లెక్కపెడుతోంది.

“జమునక్కా, బయట నుంచి తీసిన ఫోటో చూడు. ఎదురు బిల్డింగ్ మీది నుంచి తీసింది. వెనక గోడకు గాలి కిటికీలు తొమ్మిది.” వేలెత్తి గోడ చూపించింది. “లోపల ఎనిమిదే ఉన్నయ్.”

తొమ్మిదోది ఉండాల్సిన మూల గోడ మిగతా గోడంత పాతది కాదు. మీద మసి పూశారు కానీ సిమెంటు అతుకు కనిపిస్తోంది. తలుపంత వెడల్పు, తలుపంత ఎత్తు.

దేవదాస్ గడప మీద కూర్చున్నాడు.

“ఏప్రిల్ నాలుగు నాడు పగటాల అన్నకు ఒళ్ళు కాలవట్టింది. ఒక్కతీర్న దగ్గు. షట్టర్‌కు బయట తాళం, ఫోన్లు సేఠ్ గుంజుకున్నడు. కిటికిల నుంచి సేఠ్‌కు జెప్పిన. ‘గా రోగమే అది, నీకు గుడ అంటుతది, దారం పెట్టే అర్రల వెట్టి గడియ వెయ్యి, డాక్టర్‌ను తెస్త’ అన్నడు. తేలే.” చేతులతో మొఖం కప్పుకున్నాడు. “గడియ నేనే వెట్టిన వదినె. తర్వాత సున్నం పోసి గోడ కట్టిచ్చిండు. నోరు తెరిస్తే సంపినోనివి నువ్వే అయితవన్నడు.”

రావు ఫోన్ తీసి పోలీసులకు చేశాడు. కార్ఖానా అడ్రసు చెబుతూ, తన పేరూ తన ఏజెన్సీ పేరూ కూడా తడబడకుండా చెప్పాడు. ఆ మనిషి మీద నాకున్న కోపం కొంత అక్కడ తగ్గింది.

ఎల్లవ్వ ఏడవలేదు. “ఎన్ని దినాలున్నడు?” అంది.

“మూడు దినాలు తలుపు కొట్టిండు.”

“నీళ్ళన్న ఇచ్చినవా?”

దేవదాస్ తల ఎత్తలేదు. నేను అతని నోటి నుంచి ఏదో ఒక మాట వస్తుందని చూశాను, అబద్ధమైనా సరే అనుకున్నాను. రాలేదు.

ఎల్లవ్వ సాంచెల మధ్య నుంచి నడిచి ఆ మూలకు పోయింది. నుదుటి బొట్టు చెరిగిపోయి ఉందో, ఆమే తుడుచుకుందో నేను గమనించలేదు. పిడికిలి బిగించి గోడ మీద మూడుసార్లు కొట్టింది. గోడ అవతల బోలుగా మోగింది.

“గిట్లనేనా కొట్టింది?” అని అడిగింది.